తిరుపతి బస్టాండులో డీప్ లెర్నింగ్

డీప్ లెర్నింగ్ నేర్చుకుందామని బయల్దేరిన వాళ్ళలో చాలామంది లెక్కలతో మొదలుపెట్టి లెక్కల దగ్గరే ఆగిపోతారు. ముందు లీనియర్ ఆల్జీబ్రా, ఆ తర్వాత కాల్‌క్యులస్, ఆ పైన ప్రాబబిలిటీ, అవన్నీ అయ్యాకే అసలు విషయం అనుకుంటారు. ఆ అసలు విషయం వంతు ఎప్పటికీ రాదు. ఇంకొందరు కోర్సు వీడియోలు ఒకటిన్నర స్పీడులో చూసేసి సర్టిఫికెట్ లింక్డ్‌ఇన్‌లో పెట్టేస్తారు. మూడో రకం గురించి మన ఇంజనీరింగ్ కాలేజీల చుట్టుపక్కల తిరిగిన వాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఫైనలియర్ ప్రాజెక్టును డబ్బిచ్చి తెచ్చుకుంటారు, వైవా ముందురోజు రాత్రి కూర్చుని ఆ కోడ్‌లో ఏముందో బట్టీ పడతారు. వీళ్ళెవరి దగ్గరా సొంత ప్రశ్న లేదు. సొంత ప్రశ్న లేనప్పుడు ఎంత చదివినా అది ఒంటబట్టదు.

అందుకని ఈ అధ్యాయంలో ఒక ప్రశ్న ఇస్తున్నాను, మీది మీకు దొరికేదాకా వాడుకోండి. ఫోన్‌తో ఒక బోర్డు ఫోటో తీస్తే, దాని మీద ఉన్నది తెలుగు లిపా, కన్నడమా, తమిళమా చెప్పే ప్రోగ్రాం. బోర్డు చదవనక్కర్లేదు, లిపి గుర్తుపడితే చాలు.

ఈ ప్రశ్నకు మన తిరుపతి, కుప్పం ప్రాంతం కంటే మంచి చోటు నాకు తోచలేదు. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసేచోట ఉంది. ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని 1997లో తెచ్చి అక్కడ పెట్టింది ఊరికే కాదు. పలమనేరు, వి.కోట దాటితే కన్నడ బోర్డులు మొదలవుతాయి. నగరి, సత్యవేడు వైపు వెళ్తే తమిళం. అంత దూరం వెళ్ళే తీరిక లేకపోతే తిరుపతి బస్టాండులో ఒక సాయంత్రం నిలబడండి. మూడు రాష్ట్రాల బస్సులు, మూడు లిపుల బోర్డులు, మీ ముందుకే వచ్చి ఆగుతాయి.

మామిడికాయల రకాలు గుర్తుపట్టే ప్రాజెక్టు ఎందుకు కాదు, మనది మామిడి సీమ కదా అని మీరు అడగొచ్చు. అదీ మంచిదే. తోతాపురి, నీలం, బేనీషా, మల్లిక మధ్య తేడా దామలచెరువు మండీలో కాయలు ఏరే మనిషికి ఒక్క చూపులో తెలుస్తుంది. మీకు తెలుస్తుందా? తెలియకపోతే ప్రతి ఫోటోకీ లేబుల్ పెట్టడానికి ఆయన్ని పట్టుకోవాలి. పైగా సీజన్ దాటితే ఫోటోలు దొరకవు. లిపి సంగతి అలా కాదు. తెలుగు చదవగలిగిన వాడెవడైనా ఇది తెలుగు, ఇది కాదు అని చెప్పేస్తాడు. మొదటి ప్రాజెక్టుకి ఇది చాలా ముఖ్యం: యంత్రం తప్పు చెప్పినప్పుడు అది తప్పని మీ కంటికే తెలియాలి. ఎక్స్‌రేలో న్యుమోనియా కనిపెట్టే ప్రాజెక్టు రెజ్యూమేలో గొప్పగా ఉంటుంది. కానీ అది చెప్పింది తప్పో ఒప్పో తేల్చడానికి ఇంట్లో డాక్టరుండాలి.

ముఖాల జోలికి మాత్రం వెళ్ళొద్దు. తిరుమలలో దేవస్థానం వాళ్ళు 2023 మార్చి 1 నుంచి గదుల కేటాయింపులోనూ సర్వదర్శనం దగ్గరా ముఖ గుర్తింపు పెట్టారు కాబట్టి, మనమూ అలిపిరి దగ్గర కెమెరా పట్టుకుని నిలబడదాం అనిపించవచ్చు. మెట్లెక్కే భక్తులు మీ ప్రాక్టీసు కోసం రాలేదు. బోర్డు ఫోటో తీసేటప్పుడు కూడా డ్రైవరు ముఖం పడితే కత్తిరించేయండి. ఎవరైనా వద్దంటే మానేయండి.

లిపి గుర్తుపట్టడం ఏదో పిల్లల ఆట అనుకునేరు. వీడియోల్లో కనిపించే అక్షరాలు ఏ లిపివో కనిపెట్టడం మీద 2015లో అంతర్జాతీయ స్థాయి పోటీయే జరిగింది. అందులోని 10 లిపుల్లో తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఉన్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో అతుల్ నేగి, చక్రవర్తి భగవతి బృందం తెలుగు అచ్చును కంప్యూటర్ చేత చదివించే వ్యవస్థను 2001లోనే ప్రచురించింది. స్టాన్‌ఫర్డ్‌లో స్టాటిస్టిక్స్ చదువుతున్న రాకేశ్ ఆచంట 2015లో ట్రెవర్ హేస్టీతో కలిసి డీప్ లెర్నింగ్‌తో తెలుగు చదివించే పద్ధతి మీద పరిశోధన పత్రం రాశారు. నాకు ఆ పత్రంలో నచ్చింది ఫలితం కంటే దాని రాత. బొమ్మలు గుర్తుపట్టడానికి వాడే కన్వల్యూషనల్ నెట్‌వర్క్ ఎలా పనిచేస్తుందో, అందులో వాడే ఒక్కో చిట్కా వెనక కారణమేమిటో విడమరిచి చెబుతుంది. తెలుగు అక్షరాల కోసం మొదలుపెట్టి మొత్తం విద్యనే వివరించిన పత్రం అది. మీ ప్రాజెక్టు ఒక కొలిక్కి వచ్చాక చదవండి, ముందే చదివితే సగం అర్థం కాదు.

ఇక పని. లిపికి 100, 150 ఫోటోల చొప్పున మొదలుపెట్టండి. నాలుగో గుంపు ఒకటి పెట్టుకోండి: ఇంగ్లీషు, హిందీ బోర్డులు, అక్షరాలే లేని గోడలు. ఇది ఎందుకో తర్వాత తెలుస్తుంది. రాత్రి, పగలు, ఎండ, నీడ, దగ్గర, దూరం అన్నీ కలవాలి. బస్సుల మీద ఎల్‌ఈడీ బోర్డులు ఫోన్‌కి చిక్కవు. కంటికి నిండుగా కనిపించిన అక్షరం ఫోటోలో సగం మాయమై ఉంటుంది, ఎందుకంటే ఆ దీపాలు మన కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతుంటాయి. ఆ ఫోటోల్ని పారేయకండి, వేరే ఫోల్డర్‌లో ఉంచండి.

కంప్యూటర్ కొనక్కర్లేదు. గూగుల్ కొలాబ్ ఉచితంగానే జీపీయూ (ఈ లెక్కల్ని వేగంగా చేసే చిప్) ఇస్తుంది, కాసేపు ముట్టుకోకపోతే లాక్కుంటుంది. కాగుల్‌లో ఫోన్ నంబరు ధ్రువీకరిస్తే వారానికి సుమారు 30 గంటలు వాడుకోవచ్చు. పాఠానికి జెరెమీ హోవర్డ్ ఫాస్ట్ డాట్ ఏఐ కోర్సు చూడండి. మొదటి పాఠంలోనే బొమ్మలు గుర్తుపట్టే మోడల్ చేయించేస్తాడు, లోపల ఏముందో తర్వాత విప్పుతాడు. మన చదువుల్లో పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. అందుకే మొదట్లో ఏదో మోసంలా అనిపిస్తుంది, ఓపిక పట్టండి.

రెస్‌నెట్-18 అనే మోడల్ తీసుకోండి. దీన్ని ఇమేజ్‌నెట్ అనే పెద్ద చిత్రసంచయం మీద ముందే తర్ఫీదు చేసి ఉంచారు: 12 లక్షలకు పైగా ఫోటోలు, 1000 రకాలు. ఆ రకాల్లో కుక్కజాతులే వందకు పైగా ఉన్నాయి. సీతాఫలం ఉంది, పనస ఉంది, దానిమ్మ ఉంది. విచిత్రం, మామిడి లేదు. తెలుగు అక్షరాల మాట సరేసరి. అయినా దాని తొలి పొరలు నేర్చుకున్నవి గీతలు, వంపులు, అంచులు, రంగుల మార్పులు. కుక్క చెవి వంపును పట్టుకున్న పొర సున్నా వంపునూ పట్టుకుంటుంది. చివరి పొర తీసేసి, మన నాలుగు గుంపులకు సరిపోయే కొత్త పొర తగిలించి, మన ఫోటోలతో మళ్ళీ తర్ఫీదు ఇస్తాం. కొన్ని నిమిషాల పని. ట్రాన్స్‌ఫర్ లెర్నింగ్ అంటే ఇదే.

తర్ఫీదు మొదలవగానే లాస్ అనే అంకె కనిపిస్తుంది. దాన్ని ఊరికే చూస్తూ కూర్చోకండి, కాగితం మీద లెక్క వేయండి. సరైన జవాబుకి మోడల్ ఇచ్చిన సంభావ్యతను సహజ లాగరిథమ్‌లో వేసి, గుర్తు మారిస్తే వచ్చేది లాస్. సరైన జవాబుకి 0.9 ఇస్తే లాస్ 0.105. 0.1 ఇస్తే 2.30. 0.01 ఇస్తే 4.6. అంటే ధీమాగా తప్పు చెప్పినవాడికి పెద్ద శిక్ష. నాలుగు గుంపుల మధ్య ఏమీ తెలియకుండా సమానంగా పంచితే లాస్ 1.39 దగ్గర ఉండాలి. మొదటి అంకె దీనికి మరీ దూరంగా ఉంటే ఎక్కడో ఏదో తేడా చేశారు. ఈ ఒక్క లెక్క చేతితో చేసినవాడికి క్రాస్ ఎంట్రోపీ అనే ఈ లాస్ గురించి ఇంకొకరు చెప్పాల్సిన పని ఉండదు.

మొదటిసారే 97, 98 శాతం సరైన జవాబులు రావచ్చు. సరిగ్గా ఇక్కడే చాలామంది ఆపేసి స్టేటస్ పెట్టేస్తారు. ఆపొద్దు. ఈ అధ్యాయంలో నేను అసలు చెప్పదల్చుకున్నది ఇక్కడి నుంచే మొదలవుతుంది.

తమ్ముడో చెల్లెలో పక్కన కూర్చుని "ఎట్లా కనిపెడతా ఉంది అన్నా ఇది?" అని అడిగితే ఏం చెబుతారు? అక్షరాల వంపులు చూసి, అంటారు. నిజమేనా? మీ కన్నడ ఫోటోలన్నీ కర్ణాటక బస్సులవి. తమిళ ఫోటోలన్నీ తమిళనాడు బస్సులవి. ఒక్కో సంస్థ బస్సులకీ ఒక రంగు, ఒక అద్దం ఆకారం, బోర్డు పెట్టే ఒక చోటు. మోడల్‌కి లిపి అంటే ఏమిటో మీరు చెప్పలేదు. ఈ ఫోటోలు ఒక గుంపు, ఆ ఫోటోలు ఒక గుంపు అన్నారు, అంతే. వేరు చేయడానికి ఏది తేలికగా దొరికితే దాన్ని పట్టుకుంటుంది. బస్సు రంగు తలకట్టు కంటే తేలిక.

ఇది మీ ఒక్కరికే ఎదురయ్యే ఇబ్బంది కాదు. మొక్కల తెగుళ్ళను ఆకు ఫోటోతో గుర్తుపట్టడం మీద 2016లో మొహంతి, హ్యూస్, సలాతే రాసిన పత్రం చాలా పేరు తెచ్చుకుంది. ప్లాంట్‌విలేజ్ సంచయంలోని 54,306 ఫోటోలు, 14 పంటలు, 26 తెగుళ్ళు. వాటిలో మదనపల్లె రైతుకి నిద్ర లేకుండా చేసే టమాటా తెగుళ్ళూ ఉన్నాయి. మోడల్ 99.35 శాతం సరిగ్గా చెప్పింది. అదే మోడల్‌కి వేరే పరిస్థితుల్లో తీసిన ఫోటోలు ఇస్తే 31.4 శాతానికి పడిపోయింది. ఆ మాట వాళ్ళే ఆ పత్రంలోనే నిజాయితీగా రాశారు, చదివిన వాళ్ళు మాత్రం 99నే గుర్తుపెట్టుకున్నారు. ఆ తర్వాత 2022లో ఇంకొక పరిశోధకుడు అదే సంచయంలోని ఫోటోల్లో ఆకును వదిలేసి, వెనక నేపథ్యం నుంచి 8 పిక్సెల్స్ మాత్రం తీసి వాటితోనే ఒక మోడల్‌కి తర్ఫీదు ఇచ్చాడు. 49 శాతం సరైన జవాబులొచ్చాయి. ఉన్నవి 38 రకాలు. గుడ్డిగా చెబితే 3 శాతం కూడా రాకూడదు. ఆకును చూడకుండానే తెగులు పేరు చెప్పిందన్నమాట. ఇప్పటికీ మన దగ్గర ఏటా ఎన్నో ప్రాజెక్టులు అదే సంచయం మీద, అదే 99 శాతంతో బైండింగ్ అవుతుంటాయి. ఆ మోడల్‌ని ఒకసారి పొలానికి తీసుకెళ్ళారా అని ఎవరూ అడగరు. అడగాల్సింది గైడ్‌లే.

మీ మోడల్ దొంగతనం పట్టుకోవడానికి మన దగ్గరే ఒక మంచి సాధనం ఉంది. జోలార్‌పేట నుంచి బెంగళూరు వెళ్ళే రైలుమార్గం తమిళనాడులో మొదలై, కుప్పం దగ్గర మన రాష్ట్రంలోకి వచ్చి, కర్ణాటకలోకి పోతుంది. స్టేషన్ పేర్ల బోర్డులు మూడు రాష్ట్రాల్లోనూ ఒకటే తీరు: పసుపు పలక మీద నల్లటి అక్షరాలు. రంగు సాయం లేదు, బస్సు సాయం లేదు. ఆ బోర్డుల్లో స్థానిక లిపి ఉన్న భాగాన్ని కత్తిరించి మీ మోడల్‌కి ఇవ్వండి. ఈ ఫోటోల్ని తర్ఫీదులో ఎప్పుడూ కలపకండి, పరీక్షకే ఉంచండి. 98 కాస్తా 60కి పడితే బాధపడొద్దు, ఇప్పుడే చదువు మొదలైంది. అన్ని ఫోటోలూ నలుపు తెలుపు చేసి మళ్ళీ తర్ఫీదిచ్చి చూడండి. గ్రాడ్-క్యామ్ అనే పద్ధతి ఉంది, మోడల్ ఫోటోలో ఏ భాగాన్ని చూసి ఆ జవాబు చెప్పిందో వేడి పటంలా చూపిస్తుంది. వేడి అక్షరాల మీద కాకుండా బంపర్ మీద కనిపించిన రోజున, ఏ పుస్తకమూ చెప్పలేని విషయం ఒకటి మీకు తెలుస్తుంది.

ఇంకో దొంగదారి ఉంది, అది మనం తెరిచేదే. ఒకే బస్సుకి వరసగా అయిదు ఫోటోలు తీస్తాం. ఫోటోలన్నీ కలిపి యాదృచ్ఛికంగా విడగొడితే మూడు తర్ఫీదులోకి, రెండు పరీక్షలోకి పోతాయి. పరీక్షకు ముందే పేపరు చూసినట్టు. విడగొట్టేది ఫోటోల్ని కాదు, బోర్డుల్ని. ఒక బోర్డు ఫోటోలన్నీ ఒకే వైపు ఉండాలి. అంతకంటే మంచిది, ఒక ఊరి ఫోటోలన్నీ పరీక్షకే వదిలేయడం.

మరో సంగతి. ఫాస్ట్ డాట్ ఏఐ లైబ్రరీలో ఫోటోల్ని కొద్దికొద్దిగా మార్చి మోడల్‌కి చూపించే ఏర్పాటు ఉంది: కాస్త తిప్పడం, వెలుగు మార్చడం, అద్దంలో చూసినట్టు ఎడమ కుడి తారుమారు చేయడం. మామిడికాయని తారుమారు చేసినా మామిడికాయే. తెలుగు అక్షరాన్ని తారుమారు చేస్తే అది ఏ లిపీ కాదు. మామూలుగా ఈ తారుమారు ఆన్‌లో ఉంటుంది, మీరే ఆపాలి. అలాగే మోడల్‌కి ఇచ్చే ఫోటో 224 పిక్సెల్స్ చదరం, మూడు రంగులతో 1,50,528 అంకెలు. బస్సు బోర్డు పొడవాటిది. చదరంలోకి కుదించేటప్పుడు రెండు కొసలు కత్తిరిస్తారా, అక్షరాలు నలిగేలా నొక్కుతారా, పైనా కిందా ఖాళీ వదులుతారా? మూడూ చేసి చూడండి, దేని ఫలితం ఎంత మారిందో రాసుకోండి. ఏ బటన్ ఏం చేస్తుందో తెలియకుండా ఎవరి కోడో తెచ్చి నడిపేవాడికీ మీకూ తేడా ఇక్కడే వస్తుంది.

ఇప్పుడు తప్పుల్ని చదవాలి. ఏ లిపిని ఏ లిపిగా పొరబడిందో పట్టికగా వేస్తే తమిళం గడులు శుభ్రంగా ఉంటాయి, తెలుగు కన్నడాల మధ్య గలాటా ఉంటుంది. ఉండాలి కూడా. కదంబుల, చాళుక్యుల కాలంలో రెండు భాషలకూ లిపి దాదాపు ఒకటే. ఇవాళ్టికీ ప్రధానమైన తేడా తలకట్టు: మనది టిక్కు మార్కులా పైకి లేస్తుంది, వాళ్ళది అడ్డగీతలా సాగి కొసన వంగుతుంది. అ, బ, ల, ణ లాంటి తలకట్టు లేని అక్షరాలు పక్కపక్కన పెడితే మనమే తికమకపడతాం. బెంగళూరు అన్న ఊరిపేరు రెండు లిపుల్లోనూ రాసి చూడండి. మన బస్సు మీదా వాళ్ళ బస్సు మీదా ఉండే ఆ ఒక్క మాటే మీ మోడల్‌కి పెట్టగల అన్నిటికంటే కష్టమైన పరీక్ష. ఎక్కువ లాస్ వచ్చిన ఫోటోల్ని వరసగా చూపించే ఆజ్ఞ కూడా ఆ లైబ్రరీలో ఉంది. రోజూ పది చూడండి. కొన్నిట్లో తప్పు మోడల్‌ది కాదని, లేబుల్ పెట్టిన మీదేనని తేలుతుంది. అది మామూలే.

నాలుగో గుంపు ఎందుకన్నానో ఇప్పుడు చెబుతాను. అది తీసేసి మూడు లిపులతోనే ఒకసారి తర్ఫీదిచ్చి, ఒక దోశ ఫోటో పెట్టండి. ధీమాగా ఏదో ఒక లిపి పేరు చెబుతుంది. సాఫ్ట్‌మాక్స్ అనే చివరి మెట్టు ఉన్న గుంపుల మధ్య మొత్తం ఒకటి అయ్యేలా పంచుతుంది, ఏదీ కాదు అనే జవాబు దాని దగ్గర లేదు. సంభావ్యత 0.95 అని తెర మీద కనిపిస్తే నమ్మకం 95 శాతం అనుకోకూడదని అర్థమైపోతుంది.

లెక్కల దగ్గరికి ఈ దశలో వెళ్ళండి. అయిదు గడుల చదరంలో తలకట్టు గీసి, మూడు గడుల ఫిల్టర్‌ని (చిన్న అంకెల చదరాన్ని) దాని మీద జరుపుతూ గుణించి కూడండి, పెన్సిలుతో. తర్వాత ఐఐటీ మద్రాసు మితేశ్ ఖాప్రా డీప్ లెర్నింగ్ పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా ఉన్నాయి, బ్యాక్‌ప్రొపగేషన్ దాకా వినండి. ముందైతే నిద్ర వచ్చేది, ఇప్పుడు రాదు. మీ మోడల్ ఎందుకు అలా చేసిందో ప్రశ్నలు మీ దగ్గరే ఉన్నాయి.

కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారి పేరు చెప్పి పిల్లల్ని ఊదరగొట్టడం నాకిష్టం ఉండదు గానీ, ఇక్కడ ఒక మాట అవసరం. శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో 1937లో పుట్టిన ఆయనకి 1994లో ఫీగెన్‌బామ్‌తో కలిపి ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 1968లో జాన్ మెకార్తీతో, మరో ఇద్దరితో కలిసి ఆయన రాసిన పత్రం పేరే ‘చేతులు, కళ్ళు, చెవులు ఉన్న కంప్యూటర్’. ఆనాడు యంత్రానికి కన్ను పెట్టాలంటే స్టాన్‌ఫర్డ్ ప్రయోగశాల కావాల్సి వచ్చింది. ఇప్పుడు కాటూరు కుర్రాడి చేతిలో ఉన్న ఫోన్ చాలు. పరికరం లేదన్న సాకు పోయింది. మిగిలినవన్నీ తీరిక లేదన్న సాకులే.

మీ ఫోటోలు, కోడ్, తప్పుల పట్టిక అన్నీ బయట పెట్టండి. వివరణ తెలుగులో కూడా రాయండి. 98 శాతం అని ఒక్కటే రాయకండి, స్టేషన్ బోర్డుల మీద ఎంత వచ్చిందో దాని పక్కనే రాయండి. ఇంటర్వ్యూలో మిమ్మల్ని నిలబెట్టేది ఆ రెండో అంకె, దాని వెనక మీరు చెప్పగలిగే కథ.

కుప్పం వైపో కోలారు వైపో చుట్టాలుంటే ఇవాళే ఫోన్ చేసి నాలుగు దుకాణాల బోర్డులు తీసి పంపమనండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా వద్దు, డాక్యుమెంట్‌గా పంపమనండి. మామూలుగా పంపితే అది ఫోటోని కుదించేస్తుంది. కన్నడ ఫోటోలు మాత్రమే కుదించినవైతే, మీ మోడల్ ఆ కుదింపునే కన్నడం అనుకుంటుంది.